పంపులక్క లాగిన్

సోమవారం పొద్దున చేతిసంచి ఇంకా కుర్చీకి తగిలించనైనా లేదు, మేనేజరు గదిలోంచి పిలుపొచ్చింది. పొద్దున్నే పిలుపొస్తే అది మెచ్చుకోవడానికి కాదని ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమెకు బాగా తెలిసొచ్చింది. మెచ్చుకోళ్లేమైనా ఉంటే అవి సాయంత్రం లిఫ్టు దగ్గర, పోతూ పోతూ అయిపోతాయి.

నీటి సరఫరా సంస్థలో సర్వర్లన్నిటికీ కాపలా ఆమెదే. ఊళ్లో ఏ పేటకు ఏ వేళ నీళ్లు వదలాలో, ఏ పంపు ఎప్పుడు ఆడాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ప్రోగ్రాములన్నీ ఆ సర్వర్లలోనే నడుస్తాయి. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లు, ఖాతా తెరవాల్సినవాళ్లు, మూయించాల్సినవాళ్లు అందరూ ఆమె బల్ల దగ్గరికే వస్తారు. అందుకని వెనకాల ఆమెను తాళాలమ్మ అనేవాళ్లు. ఒకరోజు ఆ మాట చెవిన పడి ఆమె నవ్వేసింది. అప్పట్నుంచి మొహం మీదే అంటున్నారు.

"కూర్చోండి మేడం," అన్నాడు మేనేజరు. ఆమెకంటే చిన్నవాడు. మర్యాదకు లోటు చేయడు. ఎంత చేదు మాటనైనా ముందొక మేడం, వెనకొక మేడం పెట్టి అందిస్తాడు. "ఆడిటరు చాలా గట్టిగా రాశాడు. మన ఆఫీసులో పాస్‌వర్డ్ ఉన్న ప్రతి మనిషీ ఏ సర్వర్లోకైనా వెళ్లిపోవచ్చట. క్యాంటీను లెక్కలు చూసే అతను కూడా పంపుల సర్వర్లో లాగిన్ కావచ్చట."

"కావచ్చు సార్. ఎప్పుడూ కాలేదు గానీ."

"కాలేదన్నది జవాబు కాదు కదా మేడం."

కాదు మరి. ఈ సంగతి ఆమె పాత మేనేజర్లకు చెప్పి చెప్పి అలిసిపోయి ఊరుకుంది. ఇప్పుడు బయటివాడెవడో వచ్చి చెప్తే వేదవాక్కయింది. ఆమెకు కోపం కూడా సరిగ్గా రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపికుండాలి.

"ఇకనుంచి డైరెక్టరీలో ఉన్న గ్రూపుల్ని బట్టే మనుషుల్ని రానివ్వాలి. పంపుల సర్వర్లలోకి ఆపరేషన్స్ గ్రూపు, మీ అడ్మిన్ గ్రూపు, అంతే. విడివిడిగా పేర్లు వద్దు. ఎవరు ఏ గ్రూపులో ఉండాలో సిబ్బంది విభాగం వాళ్లు చూసుకుంటారు. మీకు బరువు తగ్గినట్టే."

ఆమె తల ఊపి బయటికొచ్చింది.

చేయాల్సిన పని పెద్దది కాదు. డైరెక్టరీ అంటే ఆఫీసులో ఉన్న ప్రతి మనిషి పేరూ, ఆ మనిషి ఏ ఏ గ్రూపుల్లో ఉన్నాడన్నదీ ఒకచోట రాసిపెట్టి ఉండే పట్టిక. ఇన్నాళ్లూ ప్రతి సర్వరూ ఆ డైరెక్టరీని ఒకే ప్రశ్న అడిగేది: ఈ పాస్‌వర్డ్ ఇతనిదేనా? ఇప్పుడు రెండో ప్రశ్న నేర్పాలి: ఇతను ఆపరేషన్స్‌లో ఉన్నాడా? ఒక ఫైల్లో ఒక వరుస రాసి, లాగిన్ సర్వీసును ఆపి మళ్లీ నడిపిస్తే సరిపోతుంది. కానీ ఆ వరుసలో ఒక్క అక్షరం తప్పు పడిందంటే రాసినవాళ్లు కూడా బయటే నిలబడాలి. అందుకని ఒక విండోలో తను లోపలే ఉండి, రెండో విండోలోంచి కొత్తగా లాగిన్ అయి చూసుకోవాలి. అది సవ్యంగా తెరుచుకున్నాకే మొదటిది మూయాలి. ఈ జాగ్రత్త ఆమెకు నేర్పింది, ఆపరేషన్స్‌లో పంపుల వేళలు చూసే పెద్దావిడ, అందరూ పంపులక్క అని పిలిచే మనిషి. అప్పుడు తాళాలమ్మ కొత్తగా చేరిన పిల్ల. పంపులక్క పక్క కుర్చీలో కూర్చుని, ఆమె ఎంటర్ కొట్టబోతుంటే మణికట్టు పట్టుకుని ఆపి, "ముందు రెండో విండో తెరవ్వే," అనేది.

ఎవరూ వాడని పాత సర్వరు మీద ముందు చేసి చూసింది. తన పేరుతో లోపలికి వెళ్లింది. క్యాంటీను లెక్కలాయన్ని పిలిచి లాగిన్ కమ్మంది. పొమ్మంది సర్వరు. "నేనేం తప్పు చేశానమ్మా," అని అతను నొచ్చుకున్నాడు. ఏం చేయలేదనీ, చేయకుండా ఉండటానికే ఇదంతా అనీ చెప్పి టీ తాగించి పంపింది.

తర్వాత ఆపరేషన్స్ గ్రూపులో ఎవరెవరున్నారో తెరిచి చూసింది. కొత్తగా చేరిన కుర్రాళ్లున్నారు. వేరే ఊరికి బదిలీ అయినవాడొకడు కూడా ఇంకా అందులోనే ఉన్నాడు. పంపులక్క లేదు.

పంపులక్క భర్తకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. ఆమె నెలల తరబడి సెలవులో ఉండి, రేపే పనిలోకి వస్తోంది. ఎక్కువ రోజులు సెలవు పెట్టినవాళ్లను డైరెక్టరీ సెలవు గ్రూపులోకి తోసేస్తుంది. మళ్లీ వెనక్కి రావాలంటే వాళ్ల మేనేజరు సిబ్బంది విభాగానికి ఒక్క ముక్క మెయిల్ పంపాలి. ఇదివరకైతే దీనికి విలువ లేదు. ఏ గ్రూపులో ఉన్నా సర్వరు రానిచ్చేది. ఈ వారం నుంచే దానికి ప్రాణం వచ్చింది.

ఆమె మళ్లీ మేనేజరు గదికి వెళ్లి, పంపులక్క పేరు ఆపరేషన్స్‌లో లేదని చెప్పింది.

"చూద్దాం మేడం," అన్నాడతను, ఫోనులోంచి తల ఎత్తి. "ఎలాగూ మిగులు సిబ్బంది జాబితా శుక్రవారం పైకి పంపాలి. సర్వరు పని లేనివాళ్లను ఊరి బయట శుద్ధి కేంద్రానికి పంపమంటున్నారు. ఆవిడ కూడా అలిసిపోయి ఉంటారు పాపం. అక్కడైతే పని తక్కువ."

ఆమెకు అర్థం కావాల్సింది అర్థమైంది: మెయిల్ వెళ్లకపోతే పంపులక్క సర్వరు పని లేని మనిషవుతుంది, ఆ జాబితాలో పడుతుంది. శుద్ధి కేంద్రం రెండు బస్సులు మారి వెళ్లాల్సిన చోటు. పంపులక్క ఇల్లు ఈ ఆఫీసు వెనక సందులోనే. మధ్యాహ్నం వెళ్లి భర్తకు అన్నం తినిపించి, మందులేసి, పక్క మార్చి రావచ్చనే ధైర్యంతోనే ఆమె పనిలోకి వస్తోంది. అక్కడికి పంపితే రాజీనామా చేయడమే. ఈ మాటలన్నీ తాళాలమ్మ నాలుక చివరిదాకా వచ్చాయి. మేనేజరు మళ్లీ ఫోనులో తల దూర్చాడు. ఆమె కాసేపు నిలబడి వచ్చేసింది.

సాయంత్రానికి పంపుల సర్వర్లన్నిటికీ ఆ వరుస ఎక్కించేసింది.

*

పంపులక్క మంగళవారం అందరికంటే ముందొచ్చింది. మనిషి చిక్కింది. జుట్టుకు రంగు వేయడం మానేసినట్టుంది, సగం తెల్లగా సగం నల్లగా ఉంది. పలకరించినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పింది: "బాగానే ఉన్నారు. చెయ్యి కాస్త కదులుతోంది." అది చెప్పీ చెప్పీ నోటికి వచ్చేసిన జవాబు.

చేతిరుమాలుతో బల్ల తుడుచుకుంది. కీబోర్డు తలకిందులు చేసి, తట్టి, దులిపింది. లాగిన్ కొట్టింది. రానివ్వలేదు. మళ్లీ కొట్టింది. వేళ్లు విరుచుకుని, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ ఇంకోసారి కొట్టింది. ఈసారి ఖాతాయే బిగుసుకుపోయింది.

"ఏమే, నా వేళ్లు కూడా నన్ను మరిచిపోయాయి," అంది, తాళాలమ్మ బల్ల దగ్గరికొచ్చి. "కొత్త పాస్‌వర్డ్ ఇవ్వు."

తాళాలమ్మ ఖాతా విప్పింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టించింది. అది తెరుచుకోదని తెలిసే పెట్టించింది. చెప్పే మాట ఇంకొంచెంసేపు వాయిదా పడుతుందని పెట్టించింది. పంపులక్క వెళ్లి కూర్చుని కొట్టి, మళ్లీ లేచి వచ్చింది. ఈసారి వెనకాల నిలబడి తెర చూసింది. సర్వరు రాసుకున్న చిట్టాలో పైవరుసలో పాస్‌వర్డ్ సరైనదేనని ఉంది. కిందివరుసలో ప్రవేశం లేదని ఉంది.

"పాస్‌వర్డ్ సరైనదేనట కదా. మరింకేం కావాలట?"

తాళాలమ్మ కిందివరుస మీద వేలు పెట్టింది. "గ్రూపులో నీ పేరు లేదక్కా. సెలవు గ్రూపులో ఉన్నావు. నిన్నటి నుంచి ఆపరేషన్స్ వాళ్లనే రానిస్తోంది."

"ఎవరు పెట్టారు ఆ రూలు?"

"పైనుంచి వచ్చింది. పెట్టింది నేనే."

పంపులక్క ఆ రెండు వరుసలూ ఇంకోసారి చదివింది. "బాగానే పెట్టావు. గట్టిగా ఉంది," అంది. అందులో వెటకారం ఉందో లేదో తాళాలమ్మకు తెలియలేదు. ఉన్నా బాగుండేది.

ఆ పూట పంపులక్కను పాత పైపుల నక్షాలు సర్దమన్నాడు మేనేజరు. గోడవార బీరువా పక్కన స్టూలేసుకుని, దుమ్ము పట్టిన చుట్టలు విప్పి, పేటలవారీగా పేర్చుతూ కూర్చుంది. ఆమె కుర్చీలో కొత్త కుర్రాడొకడు కూర్చుని, పంపు ఆగాక తిరిగి ఆడించడానికి ఎంత వ్యవధి ఇవ్వాలని మధ్యమధ్యలో ఆమెనే అడిగి ప్రోగ్రాములో మార్చుకున్నాడు. ఆమె తల ఎత్తకుండా చెప్పింది. మధ్యాహ్నం ఇంటికెళ్లి వచ్చింది. వచ్చాక చాలాసేపు బీరువా దగ్గర కనిపించలేదు. తాళాలమ్మ అటువైపు చూడకుండా ఉండటానికి బోలెడు పని కల్పించుకుంది.

*

బుధవారం పొద్దున తాళాలమ్మ ఆఫీసుకు పెందలాడే వచ్చింది.

ఆపరేషన్స్ గ్రూపులో పంపులక్క పేరు నేరుగా వేస్తే సిబ్బంది విభాగం వాళ్ల పట్టీతో పోల్చినప్పుడు ఇట్టే దొరికిపోతుంది. కానీ గ్రూపులో మనుషులే ఉండాలని లేదు. ఒక గ్రూపులో ఇంకో గ్రూపును కూడా పెట్టొచ్చు. పట్టీ తీసేవాళ్లు పైపైన చూస్తారు తప్ప లోపలి గ్రూపును విప్పి చూడరు. ఆమె ఒక చిన్న గ్రూపు తయారుచేసింది. ఎవరికీ అనుమానం రాకుండా దానికి ఏదో పరీక్షకు చేసినట్టు పేరు పెట్టింది. అందులో పంపులక్కను ఒక్కదాన్నే వేసింది. ఆ గ్రూపును తీసుకెళ్లి ఆపరేషన్స్‌లో ఉంచింది. సర్వర్లు డైరెక్టరీ చెప్పిన మాటను కాసేపు గుర్తుపెట్టుకుని దాన్నే వల్లిస్తుంటాయి. ఆ పాత జ్ఞాపకాన్ని తుడిపించేసింది. అంతా కలిపి టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు.

పంపులక్క వచ్చి బీరువా వైపు వెళ్తుంటే, "ఓసారి లాగిన్ అయి చూడక్కా," అంది మామూలుగా.

"పేరు వచ్చిందా?"

"వచ్చినట్టే ఉంది."

కుర్రాడు ఇంకా రాలేదు. పంపులక్క తన కుర్చీలో కూర్చుని కొట్టింది. తెరుచుకుంది. ముందు ఏవో రెండు వరుసలు కొట్టి, వచ్చిన జవాబు చదువుకుంది. తర్వాత కుర్చీని ముందుకు జరుపుకుని, పంపుల వేళలు ఒక్కొక్కటే తెరిచి చూడటం మొదలుపెట్టింది. ఒకచోట ఆగి, "ఈ పేటకి పొద్దున నీళ్లు ఎందుకు తగ్గించార్రా," అని ఎవరూ లేని కుర్చీని అడిగింది. సాయంత్రందాకా ఆమె బల్ల దగ్గర్నుంచి కీబోర్డు చప్పుడు వినిపిస్తూనే ఉంది. తాళాలమ్మకు కడుపు నిండినట్టయింది. ఇంత చిన్న పనికి నిన్నంతా ఎందుకు బాధపడ్డానా అనిపించింది. వెళ్లేటప్పుడు లిఫ్టులో మేనేజరు ఎదురైతే నవ్వు మొహంతోనే నమస్కారం పెట్టింది.

*

ఆడిటరు పట్టీ చూడలేదు. కొత్త రూలు వచ్చాక ఎవరెవరు లోపలికొచ్చారో ఆ చిట్టా చూశాడు. ఆ చిట్టా రోజూ అతనికి వెళ్లే ఏర్పాటు సోమవారం తాళాలమ్మే చేసింది, రూలులో భాగంగా. గ్రూపులో పేరు దాచడం మీద పెట్టిన ధ్యాస, ఆ పేరు గుమ్మం దాటగానే ఎక్కడ పడుతుందో దాని మీద పెట్టలేదు. తాళం వేసే మనిషికి తప్ప ఇంకెవరికీ జరగని పొరపాటది.

గురువారం మధ్యాహ్నం మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. పంపులక్కను కూర్చోమనలేదు.

"మీ పేరు ఆపరేషన్స్‌లో లేదు. నిన్న మీరు పంపుల సర్వర్లో రోజంతా ఉన్నారు. ఎలా వెళ్లారు మేడం?"

"పాస్‌వర్డ్ కొట్టాను. తెరుచుకుంది."

"అలా తెరుచుకోదు కదా. మీకు పాత దారులేమైనా తెలుసా?"

"నాకు తెలిసిన దారి అదొక్కటే సార్."

"ఆడిటరు దీన్ని చొరబాటు అంటున్నాడు. నేనేం చేయను చెప్పండి." అతను తాళాలమ్మ వైపు తిరిగాడు. "మీరు రేపు పొద్దుటికల్లా పరిశీలించి చెప్పండి మేడం, ఆవిడ ఎలా దూరారో. దాన్నిబట్టి జాబితాలో పెట్టాలా, ఇంకా పెద్ద చర్యే తీసుకోవాలా అన్నది చూద్దాం."

తాళాలమ్మ దొంగతనం మీద తాళాలమ్మనే పోలీసును చేశాడు. అవునని అందో, కాదని అందో ఆమెకే గుర్తులేదు. బయటికొచ్చి చూస్తే పంపులక్క లేదు.

వెనక మెట్ల దగ్గర, చేతులు కడుక్కునే చోట కనిపించింది. ఖాళీ టిఫిను డబ్బా కడుగుతోంది. కడిగిందే మళ్లీ కడుగుతోంది.

"అక్కా."

"నాకు తెలుసులే," అంది పంపులక్క, కొళాయి కట్టేసి. "నిన్న లాగిన్ కాగానే చూసుకున్నాను. నేనెవర్నో, ఏ ఏ గ్రూపుల్లో ఉన్నానో సర్వర్నే అడిగాను. నా పేరు పక్కన ఎప్పుడూ వినని గ్రూపొకటి ఉంది. అందులో ఎవరున్నారని అడిగితే నేనొక్కదాన్నే. అలాంటిది పెట్టగలిగేది నువ్వే."

"మరి లోపల ఎందుకు చెప్పలేదు?"

"నీ నోటితో నువ్వు చెప్తావేమోనని చూశాను."

తాళాలమ్మ మెట్టు మీద కూర్చుంది. క్షమించమనాలని ఉంది. ఆ మాట ఎంత చవకగా ఉంటుందో కూడా తెలుస్తోంది.

"మంగళవారం మధ్యాహ్నం పైకి వెళ్లాను నేను, సిబ్బంది విభాగానికి," అంది పంపులక్క. గొంతు పెంచలేదు. "మేనేజరు ఒక్క ముక్క మెయిల్ పంపితే చాలన్నారు. కిందికొచ్చి ఆయన్ని అడిగాను. చూద్దాం అన్నాడు. మర్నాడు వచ్చి ఆయన గది ముందు కుర్చీ వేసుకుని కూర్చుందామనుకున్నాను. మెయిల్ పంపేదాకా లేవకూడదనుకున్నాను. ఇంట్లో ఆయనకు కూడా అదే చెప్పి వచ్చాను. తీరా వస్తే నువ్వు లాగిన్ కమ్మన్నావు. తెరుచుకుంది. దొంగదారని తెలిసి కూడా ఊరుకున్నాను. కూర్చోగానే ప్రాణం లేచొచ్చిందే నాకు. ఇంకెవర్నీ అడగబుద్ధి కాలేదు. అది నా తప్పు." ఆమె డబ్బా మూత బిగించింది. "నీ సంగతి వేరు. సోమవారమే నీకు తెలుసు. నాకోసం తాళం తీశావు గానీ, నోరు తెరవలేదు నువ్వు."

ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ మెట్లు ఎక్కి వెళ్లిపోయింది.

*

తాళాలమ్మ భర్త డ్రైవింగు నేర్పుతాడు. రోజంతా పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న బ్రేకు తొక్కి తొక్కి ఇంటికొస్తాడు. ఆ సాయంత్రం కాళ్లు బల్ల మీద చాపుకుని అంతా విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు. అది ఆయనకు వృత్తి నేర్పిన ఓపిక.

"నేనే చేశానంటే ఏమవుతుంది?" అన్నాడు చివరికి.

"తీసేస్తే తీసేయొచ్చు. తాళాలు చేతిలో ఉన్న మనిషి దొంగతాళం తీసిందంటే ఎవరు ఊరుకుంటారండీ."

"చెప్పకపోతే?"

"ఆవిడ దూరిందని రాయాలి. లేదా సాఫ్ట్‌వేర్లో లోపం ఉందని రాయొచ్చు. అలా రాస్తే నాకేమీ కాదు. ఆవిడకి దొంగతనం నింద తప్పుతుంది. కానీ జాబితాలో పడుతుంది."

"అయితే ఆ లోపం రాస్తే అందరికీ సుఖమేగా."

"ఆవిడకి కాదు."

ఆయన పాదం ఒకసారి గాలిలో కిందికి నొక్కి వదిలాడు. అలవాటు. "ఇంటి అప్పు వాయిదాలు నేను చూసుకోగలను కొన్నాళ్లు," అన్నాడు. "రేపు నేను దింపుతాలే. బస్సులో వెళ్తే మధ్యలో దిగిపోయేలా ఉన్నావు."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఆయనకు కనపడకుండా వంటింట్లోకి వెళ్లింది.

*

శుక్రవారం ఆమె ఏమీ రాసుకుని వెళ్లలేదు. రాసుకుంటే చదివేసి తప్పుకోవచ్చుననిపించింది. మేనేజరు ఎదురుగా నిలబడి, చిన్న గ్రూపు గురించి, దాన్ని పెద్ద గ్రూపులో పెట్టడం గురించి, తెలియకుండా ఉండాలని పెట్టిన పేరు గురించి వరసగా చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆపలేదు.

మేనేజరు చాలాసేపు పేపరు వెయిటును గుండ్రంగా తిప్పాడు. "ఈ మాట నాకు ఎందుకు చెప్పారు మేడం," అన్నాడు, నిజంగానే బాధపడుతూ. "లోపం అని రాసిస్తే సంతకం పెట్టేసేవాణ్ణి కదా. పాపం ఆవిడకు ఏమీ తెలియదంటారు, అంతేగా?"

"ఆవిడకు ఏమీ తెలియదు సార్."

"తెలుసు," అంది గుమ్మంలోంచి పంపులక్క. పిలవకుండానే లోపలికొచ్చింది. బయట కుర్చీ వేసుకుని కూర్చుందని తాళాలమ్మకు అప్పుడే తెలిసింది. "చూసే వెళ్లాను. ఆవిడ మీద రాస్తే నా మీద కూడా రాయండి. ఎందుకు అలా వెళ్లాల్సొచ్చిందో అది కూడా రాయండి. మంగళవారం మిమ్మల్ని అడిగాను. చూద్దాం అన్నారు."

"నేను సోమవారం అడిగాను," అంది తాళాలమ్మ. అంటుంటేనే ఆ మాట సగమే నిజమని ఆమెకు తోచింది. చెప్పింది, అంతే. అడగలేదు. "అడగడం కూడా సరిగ్గా అడగలేదు సార్. ఇప్పుడు అడుగుతున్నాను. ఆవిడ ఇక్కడే ఉండాలి. మధ్యాహ్నం ఇంట్లో ఆయనకు తిండి పెట్టే మనిషి ఇంకొకరు లేరు. పంపుల వేళలు మీ కొత్త కుర్రాడికి చెప్తున్నది కూడా ఆవిడే."

మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అతను దుర్మార్గుడు కాడు. పైకి పంపే ప్రతి కాగితం మీద పైవాళ్లు మొదట ఏం అడుగుతారో లెక్కవేసుకునే మనిషి. మెయిల్ ఎందుకు ఆగిందన్నదే మొదటి ప్రశ్న అవుతుందని అతనికి తట్టినట్టుంది. కీబోర్డు దగ్గరికి లాక్కుని, సిబ్బంది విభాగానికి ఒక్క వాక్యం కొట్టి పంపించాడు. తలుపు అవతల ఎవరో దగ్గారు. అంతలోనే అది అయిపోయింది. తాళాలమ్మ ఆ తెర వంకే చూస్తూ ఉండిపోయింది. దీనికోసమా ఇంతా అనుకుంది.

"మీ ఫైల్లో మందలింపు పడుతుంది మేడం. అది నేను తప్పించలేను," అన్నాడు తాళాలమ్మతో. "ఇకనుంచి గ్రూపుల్లో ఏం మార్చినా ఒక్కరే చేయకూడదు. రెండో మనిషి చూసి సరేననాలి. ఆడిటరు ఎలాగూ అదే అడుగుతున్నాడు." ఆ రెండో మనిషి ఎవరో తేల్చడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. "మీరే ఉండండి," అన్నాడు పంపులక్కతో. "మీ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు కదా."

సాయంత్రానికి పంపులక్క పేరు ఆపరేషన్స్‌లోకి వచ్చింది. తాళాలమ్మ ఆ చిన్న గ్రూపును తీసేసింది. నిజంగానే తీసేయాలా అని డైరెక్టరీ అడిగితే అవునంది. పంపులక్క తన బల్ల దగ్గర నిలబడి, చూసి, సరేనని కొట్టింది.

*

తర్వాతి వారం వాళ్లిద్దరూ పని మాటలు తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. పంపులక్క మధ్యాహ్నం ఇంటికెళ్తోంది, వస్తోంది. టీ వేళకు తన టీ తను తెచ్చుకుంటోంది. అలకో, కోపమో, ఉత్త అలసటో తాళాలమ్మ అడగలేదు. తనకు రావాల్సిందే వస్తోందనుకుంది.

వాల్వులు తిప్పే ఆయన ఒకరోజు కర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చాడు. కాలు విరిగి చాలా రోజులు సెలవులో ఉన్నాడు. ఏ వాల్వు ఎంత తిప్పాడో సర్వర్లో ఎక్కించేది అతనే. "అమ్మా, నన్ను రానివ్వడం లేదు," అన్నాడు. "మా ఇంజనీరు మెయిల్ పంపాడట. పైన ఎక్కడో ఆగిందట. రెండు మూడు రోజులు పడుతుందంటున్నారు. ఈలోగా వచ్చినట్టు హాజరు పడదంటున్నారు."

తాళాలమ్మ వేళ్లు వాటంతటవే కీబోర్డు మీదికి వెళ్లాయి. ఆగాయి. ఆమె పంపులక్క వైపు చూసింది.

"పేరు వచ్చిందా?" అంది పంపులక్క.

"రాలేదు."

"అయితే నేను సరేననను."

అతని మొహం వాడిపోయింది. పంపులక్క తెర ఆపేసి, బల్ల అంచు పట్టుకుని లేచింది. "లేవ్వే," అంది తాళాలమ్మతో. ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. "పైకి వెళ్దాం."

లిఫ్టు పనిచేయడం లేదు. మోకాళ్ల నొప్పులున్న పంపులక్క, కాలు విరిగిన అతను, వాళ్లిద్దరికీ మధ్యన ఎవర్ని పట్టుకోవాలో తెలియని తాళాలమ్మ. ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి తీసుకున్నారు. పంపులక్క ఒక మలుపులో తాళాలమ్మ భుజం మీద చెయ్యి వేసింది. అది ఆసరాకే గానీ, పైకి చేరేదాకా తీయలేదు.

సిబ్బంది విభాగంలో గాజు అవతల గుమాస్తా తల ఎత్తాడు. మెయిల్ వచ్చిన మాట నిజమేనన్నాడు. అధికారి మీటింగులో ఉన్నారనీ, ఇవాళ కుదరదనీ, రేపు కనుక్కోమనీ అన్నాడు.

పంపులక్క గోడవారనున్న బెంచీ మీదికి వెళ్లి కూర్చుని, మోకాళ్లు రాసుకుంటూ తాళాలమ్మ వంక చూసింది.

తాళాలమ్మ గాజు దగ్గరికి జరిగింది. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. "ఈయన ఇవాళే పనిలో చేరాలి," అంది. "మీటింగు అయ్యేదాకా కూర్చుంటాం. మేం ముగ్గురం ఉన్నామని లోపలికి వెళ్లి చెప్పండి."

గుమాస్తా ఆమెను, బెంచీని, కర్రను చూశాడు. "మీరు సర్వర్లు చూసే ఆవిడ కదూ," అన్నాడు. "కిందే చేసేసుకోవచ్చు కదమ్మా, ఇంత దూరం ఎందుకొచ్చారు?"

"ఊరికే. అడుగుదామని," అంది ఆమె.

అతను గొణుక్కుంటూ లేచి లోపలికి వెళ్లాడు. పంపులక్క బెంచీ మీద కాస్త పక్కకు జరిగింది. తాళాలమ్మ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.